ఎవరొచ్చినా ఒకటే

మరోదా సెక్టార్, భిలాయి
మార్చి 10

బావగారికి గణపతిరావు నమస్కారాలు.

మొన్న ఫోనులో మనం మాట్లాడుకున్నదాన్ని మాట్లాడుకోవడం అనరు. మీరు "ఆఁ?" అన్నారు, నేను "ఏటీ?" అన్నాను, మళ్ళీ మీరు "ఆఁ?" అన్నారు. వెనకనుంచి మీ చెల్లెమ్మ తులసి, "ఇద్దరూ ఫోను పెట్టీసి అరుచుకోండి, వైజాగ్ దాకా వినపడతాది" అంది. మీ చెవుల్ని బ్లాస్ట్ ఫర్నేసు తినేసింది, నా చెవుల్ని రైల్ మిల్లు తినేసింది. ఇక మనకి కాగితమే గతి. అక్కయ్యకి కళ్ళు బాగానే ఉన్నాయి కదా, మీ కళ్ళజోడు పోయినప్పుడు ఆవిడ చేత చదివించుకోండి.

ఇక్కడి విశేషం, మన తెలుగు సంఘానికి ఎన్నికలు. మీరు కార్యదర్శి పదవి వదిలి గోపాలపట్నం వెళ్ళిపోయాక ఎన్నికలన్న మాటే ఎవరూ ఎత్తలేదు. అధ్యక్షుడు కూతురి దగ్గరికి పూనా వెళ్ళిపోయి, అక్కడినుంచే అధ్యక్షుడుగా కొనసాగుతున్నాడు. ఆయన లేడన్న సంగతి చాలామందికి తెలియదు. ఉన్నప్పుడు కూడా తెలియదు. ఇప్పుడెందుకు ఎన్నికలంటే, హాలు లీజు జూన్ ఆఖరుకి అయిపోతుంది. ఎన్నికైన కమిటీ సంతకం చేస్తేనే ప్లాంటు వాళ్ళు మళ్ళీ ఇస్తారు. లేకపోతే తాళం.

పార్టీలు రెండు. ఒకటి వెంకటేశ్వరరావుగారిది. ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యారు, ఇప్పటికీ మనతో మాట్లాడేటప్పుడు ఫైలు చూస్తున్నట్టు కిందికి చూస్తారు. ఆయన గెలిస్తే హాలుకి ఏసీ పెట్టించి పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారట. రెండోది రాజాబాబుది. పాత యూనియన్ మనిషి, ఇప్పుడు పవర్ హౌస్ మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు. ఆయన గెలిస్తే హాలు పెరట్లో పైడితల్లి అమ్మవారికి గుడి కడతాడట. ప్లాంటులో ఉన్నప్పుడు ఒకరు కుర్చీలో ఉంటే ఒకరు గేటు ముందు జెండాతో ఉండేవారు. రిటైరయ్యాక కూడా అలవాటు పోలేదు.

తాతబ్బాయి కూతురు భాగ్యరేఖ మీకు గుర్తుండే ఉంటుంది. నాతో రైల్ మిల్లులో పనిచేసి పోయిన తాతబ్బాయి. మొగుడు పోయాక ఆ పిల్ల హాలు వెనక వంటగదిలో టిఫిన్లు, భోజనాలు చేసి కేరేజీలు పంపుతోంది. కాపురం ఆ పక్కగదిలోనే. హాలుకి తాళం పడితే వంటగదికీ పడుతుంది. అంటే దాని పొయ్యి, దాని ఇల్లు ఒక్కసారే పోతాయి.

అంతదాకా రానివ్వరులెండి. ఎవరో ఒకరు గెలుస్తారు, సంతకం పెడతారు. ఎవరొచ్చినా ఒకటే. నేను మాత్రం ఓటు వెయ్యను. యూనియన్ ఎన్నికల్లో వెయ్యలేదు, ఊరి ఎన్నికల్లో వెయ్యలేదు. ఈ వేలికి గ్రీజు అంటింది, మసి అంటింది, సిరా మాత్రం అంటలేదు. మా రవిశంకర్ కూడా అంతే. ఓటు సంగతి అడిగితే, "పాపా, యే సబ్ మేరే బస్ కా నహీ" అన్నాడు, ఇదంతా నా వల్ల కాదని. తెలుగు రాకపోయినా ఈ ఒక్క విషయంలో నా కొడుకే.

ఇట్లు,
గణపతిరావు

గోపాలపట్నం, విశాఖపట్నం
మార్చి 24

చిరంజీవి గణపతికి పార్థసారథి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అక్క గట్టిగా చదివింది. పక్కింటివాళ్ళకి కూడా మన సంఘం సంగతులన్నీ తెలిశాయి.

ఓటు వెయ్యనని గొప్పగా రాశావు. నువ్వు ఓటు వెయ్యకపోతే మిల్లు ఆగదు, నిజమే. కానీ సంఘం బైలా ఒకటుంది, నేనే రాశాను. సభ్యుల్లో కనీసం మూడోవంతు మంది ఓటు వేస్తేనే ఎన్నిక చెల్లుతుంది. ఆ రోజుల్లో ఉగాదికి పులిహోర పెడతామంటే హాలు పట్టేది కాదు, అందుకని మూడోవంతు ఏపాటి అనుకున్నాను. పులిహోరకి వచ్చేవాళ్ళూ ఓటుకి వచ్చేవాళ్ళూ ఒకటి కాదని అప్పుడు తోచలేదు.

నేను ఇప్పుడు సంఘం వ్యవహారాల్లో వేలు పెట్టడం లేదు. వెంకటేశ్వరరావుకి గానీ రాజాబాబుకి గానీ ఏ సలహా ఇవ్వలేదు, ఇవ్వబోను. నువ్వు ఆ మాట అడగలేదనుకో. అయినా చెప్పి ఉంచుతున్నాను.

చెల్లెమ్మ తులసికి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయి. అన్నట్టు, పోలింగు ఏ రోజున పెట్టబోతున్నారో తెలిస్తే అది కూడా రాయి. ఊరికే అడుగుతున్నాను.

ఆశీస్సులతో,
పార్థసారథి

మరోదా సెక్టార్, భిలాయి
ఏప్రిల్ 27

బావగారికి నమస్కారాలు.

ఎన్నిక అయిపోయింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడిపోలేదు.

తేదీ ఎలా కుదిరిందో ముందు చెప్పాలి. మనవాళ్ళలో ఎవర్ని ఎన్నికల అధికారిగా పెట్టినా రెండో పార్టీ ఒప్పుకోదు కాబట్టి బంఛోర్‌గారిని పిలిచారు. దుర్గ్‌లో రిటైరైన హెడ్మాస్టరు, ఛత్తీస్‌గఢ్ మనిషి, మన గొడవలు ఏవీ తెలియని అదృష్టవంతుడు. ఆయన కేలెండరు తీసి ఏప్రిల్‌లో ఒక్కో ఆదివారం మీదా వేలు పెడుతూ నాలుగోదాని దగ్గరికి వచ్చాడు. అది అక్షయ తృతీయ, సింహాచలంలో చందనోత్సవం. ఏడాదంతా చందనం కింద ఉండే స్వామి నిజరూపం కనిపించే ఒకే ఒక్క రోజు. మన ఉత్తరాంధ్ర మూడు జిల్లాల వాళ్ళు ఆ రోజు ఎక్కడ ఉంటారో బంఛోర్‌గారికి తెలియదు. వెంకటేశ్వరరావుగారికి తెలుసు, రాజాబాబుకి తెలుసు. ఇద్దరూ ఒక్క గొంతుతో "సరే" అన్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడ్డం ఎవరూ చూసి ఎరగరు కాబట్టి సభలో చప్పట్లు కొట్టారు.

తరవాత బయటపడింది ఏమిటంటే, వెంకటేశ్వరరావుగారు మరోదాలో రాజాబాబు మనుషుల కోసం సింహాచలానికి ఉచితంగా బస్సులు వేయించారు. రాజాబాబేమో ఆఫీసర్ల సెక్టార్లో ఆడవాళ్ళ భజన మండలికీ, వాళ్ళ భర్తలకీ వైజాగ్ బండిలో బెర్తులు వేయించాడు. ఎన్నికలప్పుడు ఎవరి ఓటర్లని వాళ్ళు కాపాడుకుంటారు. వీళ్ళు ఎదుటివాడి ఓటర్లని పుణ్యానికి పంపించారు. ఎవరి బస్సు, ఎవరి బెర్తు అని మనవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. దర్శనం దర్శనమే కదా.

పోలింగు రోజున నేను భాగ్యరేఖ వంటగది వసారాలో కూర్చుని ఉప్మా తింటున్నాను. ఎండ కాస్తోంది, బంఛోర్‌గారు ఓట్ల డబ్బా పక్కన కూర్చున్నారు, కుక్క ఒకటి వచ్చి చూసి వెళ్ళింది. మధ్యాహ్నానికి ఆయన బయటికొచ్చి, మీ జనమంతా ఎక్కడికి పోయారని నన్నడిగాడు. "రావ్‌జీ, ఆప్‌కే లోగ్ కహా గయే?"

"భగవాన్ కే పాస్" అన్నాను. ఆయన కంగారుపడి ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాడు. వివరంగా చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం సీలు విప్పి, పద్ధతి ప్రకారం లెక్కపెట్టారు. వెంకటేశ్వరరావుగారికి ఒక ఓటు, అది ఆయనదే. రాజాబాబుకి ఒకటి, అదీ ఆయనదే. చెల్లనిది ఒకటి, భాగ్యరేఖది. తండ్రి సభ్యత్వం దానికి వచ్చింది కదా. రెండు గుర్తుల మీదా ముద్ర కొట్టింది. ఇదేమిటమ్మా అంటే, "ఇద్దరూ నా కేరేజీలే తింతారు మావయ్యా. ఒకలకి ఓటేసి ఒకలకి మానీడం ఏటి? ఇద్దరూ కలిసి చేస్తే ఏటి ప్రాబ్లమ్?" అంది. నేనూ బంఛోర్‌గారూ నవ్వాం.

జూన్ ఆఖరు మాత్రం నవ్వుకుంటూ కూర్చోదు, వస్తోంది. ఇంత తెలివైన ఎత్తు రెండు పార్టీలకీ ఒకేసారి ఎలా తట్టిందో నాకు అర్థం కావడం లేదు. మీకేమైనా తోస్తే రాయండి.

ఇట్లు,
గణపతిరావు

గోపాలపట్నం, విశాఖపట్నం
మే 6

చిరంజీవి గణపతికి,

నువ్వు రాయనక్కర్లేదు, ఓటర్లని నేను కళ్ళారా చూశాను. చందనోత్సవం నాడు నేనూ మీ అక్కా క్యూలో నిలబడ్డాం. ముందు మరోదా వాళ్ళు, వెనక ఆఫీసర్ల సెక్టార్ వాళ్ళు. క్యూ కదలదు, పైన ఎండ. గంటసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తరవాత ఇంజనీరుగారి భార్య కళ్ళు తిరిగి కూర్చుండిపోతే మరోదా ఆడవాళ్ళు నీళ్ళిచ్చి, కొంగుతో విసిరి, సందు చేసి ముందుకు పంపించారు. ఆ తరవాత అందరూ ఒకటే కబుర్లు. దర్శనం అయ్యాక సగంమంది మా ఇంటికి భోజనానికి వచ్చేశారు. మీ అక్క రెండుసార్లు అన్నం వార్చింది. ఎవరు ఏ పార్టీయో ఆకుల ముందు తెలియలేదు. ఇవాళ పోలింగు కదా అని నేనంటే, "మన ఒక్క ఓటు పోతే ఏటి, మిగతావోలు ఏస్తారు కదా" అని ఇంటినిండా ఉన్నవాళ్ళంతా అన్నారు.

ఇప్పుడు ఒక సంగతి. నేను రాయకపోతే తనే రాస్తానని మీ అక్క కలం పట్టుకుని కూర్చుంది.

మార్చిలో వెంకటేశ్వరరావు నాకు ఫోను చేశాడు. ఆయన గట్టిగా మాట్లాడతాడు కాబట్టి వినపడింది. కార్మికుల ఓట్లు ఎక్కువ, గెలవడం ఎలాగ అన్నాడు. పోలింగు చందనోత్సవం నాడు పడితే వాళ్ళని దర్శనానికి పంపవచ్చు కదా అన్నాను. మాటవరసకి అన్నాను. నాలుగు రోజులకి రాజాబాబు ఫోను చేశాడు. ఆయన ఇంకా గట్టిగా మాట్లాడతాడు. ఆఫీసర్లు ఒక్కరూ మానకుండా ఓటు వేస్తారు, గెలవడం ఎలాగని ఆయనా అడిగాడు. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. అందుకని ఆయనకీ అదే చెప్పాను. నేను తటస్థుణ్ణి.

సంఘంలో ఉన్నన్నాళ్ళూ నా మాట ఎవరూ వినలేదు. ఇన్నాళ్ళకి ఇద్దరూ విన్నారు, నిజం చెప్పొద్దూ, సంతోషం కలిగింది. పోలింగు రోజున ఓటర్లంతా మా పెరట్లో చేతులు కడుక్కుంటుంటే ఆ సంతోషం పోయింది.

భాగ్యరేఖ సంగతి ఏమిటి?

పార్థసారథి

మరోదా సెక్టార్, భిలాయి
మే 15

బావగారికి,

నమస్కారాలు రాయడానికి చెయ్యి రావడం లేదు, అక్కయ్యకి మాత్రం చెప్పండి.

భాగ్యరేఖ సంగతి అడిగారు కదా. జాముల్ ఊళ్ళో సిమెంటు ప్లాంటు దగ్గర కేంటీను కాంట్రాక్టరు ఒకడు దాన్ని వంటకి రమ్మన్నాడు. జీతం మీద, వాడు చెప్పిన కూర వాడు చెప్పినన్ని ఉల్లిపాయలతో వండాలి. ఉండడానికి రేకుల షెడ్డులో ఇంకొందరు ఆడవాళ్ళతో చోటు. జూన్ ఆఖర్లో చెప్తానందట. ఈ ముక్క నాకు అది చెప్పలేదు, గిన్నెలు సర్దుతుంటే తులసి కనిపెట్టింది.

నేను వెళ్ళి, ఎందుకమ్మా తొందర, ఏదో ఒకటి అవుతుంది అన్నాను. అది పిండి కలుపుతున్నది కలుపుతున్నట్టే ఆపి నన్ను చూసింది.

"మావయ్యా, పోలింగు నాడు మీరు ఇక్కడే ఉన్నారు. సింహాచలం కూడా ఎల్లలేదు. డబ్బా పది అడుగుల్లో ఉన్నాది. ఎందుకు ఎయ్యలేదు?"

"ఎవరొచ్చినా ఒకటే కదమ్మా."

"మీకు ఒకటే. మీకు క్వార్టరు ఉన్నాది, పెన్షన్ ఉన్నాది. నాకు ఒకటి కాదు మావయ్యా."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు, మళ్ళీ పిండి కలుపుకుంది. నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాకు సిగ్గేసింది బావా. మీ మీద కోపం కంటే అదే ఎక్కువగా ఉంది, అయినా మీ మీద కోపం కూడా తక్కువేం లేదు.

ఆ రాత్రంతా వాళ్ళ నాన్నే గుర్తొచ్చాడు. నేనూ తాతబ్బాయీ ఏడాది పైగా మాట్లాడుకోలేదు, మీకు తెలుసు. ఒక గొడుగు గురించి. అతను పొద్దుటి షిఫ్టు దిగేవాడు, నేను మధ్యాహ్నం షిఫ్టు ఎక్కేవాణ్ణి. రిలీవరు రాకుండా దిగేవాడు కదలకూడదు, మిషను పరిస్థితి చెప్పకుండా దిగకూడదు. అతను నా మొహం చూసేవాడు కాదు. పానెల్ వైపు తిరిగి, "మూడో స్టాండు బేరింగు వేడెక్కతన్నాది. నీళ్ళు తక్కువొస్తన్నాయి" అనేవాడు. నేనూ పానెల్‌తోనే "సరే" అనేవాణ్ణి. ఎర్రగా కాలిన పట్టా పరిగెత్తే చోట ఒక్క మాట మింగినా ఎవడి కాలో పోతుంది. గొడుగు గొడుగే, బేరింగు బేరింగే. ఆ ఏడాదంతా మా మిషను మీద ఎవరికీ గీత కూడా పడలేదు.

మాటల్లేని ఇద్దరం మిల్లు నడిపాం. వీళ్ళిద్దరికీ నోళ్ళున్నాయి, ఒక హాలు నడపలేరా? గొడవ పెట్టిన తెలివితేటలు మీవి. సర్దే తెలివితేటలు కూడా మీ దగ్గర ఉంటే వెంటనే పంపండి.

గణపతిరావు

గోపాలపట్నం, విశాఖపట్నం
మే 23

గణపతీ,

నాకు తెలివితేటలు లేవని మీ అక్క మొదటినుంచీ అంటోంది. నీ ఉత్తరంలోనే జవాబుంది, అది చాలు.

ఇద్దరూ షిఫ్టులు వెయ్యాలి. ఆర్నెల్లు ఒకరు అధ్యక్షుడు, ఆర్నెల్లు ఒకరు. దిగేవాడు వచ్చేవాడికి అన్నీ చెప్పి దిగాలి. పోటీ లేకుండా ఇద్దరూ కలిసి ఒకే పేర్ల పట్టీ ఇస్తే ఓటింగు అక్కర్లేదు, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తితే చాలని బైలాలో ఉంది. మూడోవంతు మాత్రం అక్కడా తప్పదు. అది నన్ను తిట్టుకుంటూనే చదువుకో.

ఇద్దరికీ ఇవాళే ఉత్తరాలు రాశాను. ఈసారి కూడా ఇద్దరికీ ఒకటే సలహా. కాకపోతే ఎదుటివాడికి కూడా ఇదే రాశానని ఇద్దరికీ రాశాను. మార్చిలోనే చెయ్యాల్సిన పని అది.

పార్థసారథి

మరోదా సెక్టార్, భిలాయి
జూన్ 14

బావగారికి నమస్కారాలు. ఈసారి మనస్ఫూర్తిగానే.

సంధి కుదిరింది. ఎలా కుదిరిందో చెబితే నమ్మరు.

ఒకరింటికి ఒకరు రానన్నారు. అందుకని భాగ్యరేఖ వసారాలో కూర్చోబెట్టాను. ఆ బెంచీ మీద ఆయన, ఈ బెంచీ మీద ఈయన, మధ్యలో స్టూలు మీద నేను. నేరుగా మాట్లాడరు. "గణపతిరావుగారూ, ఆ ఏసీ మాట మానీమనండి ఆయన్ని" అని రాజాబాబు. "గణపతిరావుగారూ, గుడి వేరు, సంఘం వేరు అని ఆయనకి చెప్పండి" అని వెంకటేశ్వరరావుగారు. నాకు ఒక్క ముక్క వినపడదు. ప్రతి మాటకీ "ఏటీ?" అంటున్నాను. మొదటి రోజు ఓపిక పట్టారు. రెండో రోజుకి గొంతులు పోయాయి. మూడో రోజు విసిగిపోయి నన్ను పక్కకి జరగమని వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. మధ్యవర్తి చెవిటివాడై ఉండాలని మీ బైలాలో రాయించండి.

వారం పట్టింది. ఏసీ లేదు, పెళ్ళిళ్ళ అద్దెలు లేవు. గుడి లేదు, పెరడు పెరడుగానే ఉంటుంది. పైడితల్లి పండగ మాత్రం హాల్లోనే చేస్తారు, వెంకటేశ్వరరావుగారు కొబ్బరికాయ కొడతారు. పిల్లలకి ఆదివారాలు తెలుగు చెబుతారు, రాజాబాబు మనుషులు బల్లలు చేసిపెడతారు. లీజు కాగితంలో వంటగది, పక్కగది భాగ్యరేఖ పేరు మీద వాడకానికి అని రాయిస్తారు. ఈ చివరిది నేను అడిగాను. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు, అంతకుముందు ఎవరూ అడగలేదట.

మొదటి ఆర్నెల్లు ఎవరివన్నదాని మీద మళ్ళీ లేచారు. లోపలినుంచి భాగ్యరేఖ, "పెద్దోలు ముందు. తరవాత చిన్నోలు. లేట్ మత్ కరో, పూరీలు చల్లారిపోతన్నాయి" అంది. వయసులో రాజాబాబు నెల పెద్ద. ఆ నెల గురించి వెంకటేశ్వరరావుగారు జన్మపత్రిక తెప్పించి మరీ చూసుకున్నారు.

కార్యదర్శిని నేను. నేనొద్దన్నాను. ఏ పక్షం మీదా ఏ ఆసక్తీ లేనివాడు ఊరంతా వెతికినా మీరొక్కరే అన్నారు. నా అర్హత అది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇద్దరు నాయకుల మీదా వాళ్ళ మనుషులే మండిపడుతున్నారు. అమ్ముడుపోయాడని మరోదా అంటోంది, లొంగిపోయాడని ఆఫీసర్లు అంటున్నారు. సమావేశానికి రామని కొందరు, వచ్చి ఏం చేస్తామని మిగతావాళ్ళు. సమావేశం జూన్ 25న. అది తప్పితే ఇంక తేదీ లేదు. భాగ్యరేఖ పెద్ద గిన్నెల్ని గోనెసంచుల్లో కట్టి ఉంచింది. నేను ఇల్లిల్లూ తిరుగుతున్నాను. నన్ను చూసి తలుపు తీసినవాళ్ళంతా, "మీరు కూడానా?" అంటున్నారు.

గణపతిరావు

గోపాలపట్నం, విశాఖపట్నం
జూన్ 20

గణపతీ,

నాకు రావాలని ఉంది, డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. మీ అక్క రోజూ నీకోసం కాదు, ఆ పిల్లకోసం దీపం పెడుతోంది.

వాళ్ళు రానంటే నువ్వు మళ్ళీ వెళ్ళు. ఇన్నాళ్ళు ఓటు వెయ్యకుండా ఉండగలిగిన మొండివాడివి, అదే మొండితనంతో ఇంకోసారి తలుపులు కొట్టు.

పార్థసారథి

మరోదా సెక్టార్, భిలాయి
జూలై 8

బావగారికి, అక్కయ్యకి నమస్కారాలు.

ఉత్తరం ఆలస్యమైంది, కార్యదర్శికి పనులుంటాయని ఇప్పుడు తెలిసింది.

సమావేశానికి జనం వచ్చారు. వచ్చి, లోపలికి రాలేదు. మరోదా వాళ్ళు గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడ్డారు, ఆఫీసర్లు కార్ల దగ్గర నిలబడ్డారు. లోపల మేం కొద్దిమందిమి, ఖాళీ కుర్చీలు, బంఛోర్‌గారు. ఆయన గడియారం చూసుకుని ఫైలుకి తాడు కట్టడం మొదలుపెట్టాడు. వంటగది గుమ్మంలో భాగ్యరేఖ నిలబడి ఆ తాడునే చూస్తోంది.

అప్పుడు వెంకటేశ్వరరావుగారు లేచారు, రాజాబాబూ లేచాడు. ఎవరి మనుషుల దగ్గరికి వాళ్ళు వెళ్తారనుకున్నాను. గుమ్మం దగ్గర ఒకరినొకరు చూసుకుని, వెంకటేశ్వరరావుగారు వేపచెట్టు వైపు, రాజాబాబు కార్ల వైపు వెళ్ళారు. నేను రెండిటి మధ్యా పరిగెత్తాను. ఇద్దరివీ పెద్ద గొంతులు, దేవుడి దయవల్ల.

రాజాబాబు ఆఫీసర్లతో అన్నది ఇది. "మీ వెంకటేశ్వరరావుగారికీ నాకూ పడదు. రేపు కూడా పడదు. గానీ ఆయన లొంగిపోనాడంటే నాను ఒప్పుకోను. వారం రోజులు ప్రతి ముక్కకీ దెబ్బలాడినాడు. ఏసీ ఒద్దులెండి అన్నప్పుడు ఆయన మొగం నాను చూసినాను. మీరు చూల్లేదు. ఆ మొగం చూసుంటే మీరు ఇలగ అనరు."

వెంకటేశ్వరరావుగారు మరోదా వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కిందికి చూడలేదు, వాళ్ళ మొహాలే చూశారు. "మీ రాజాబాబు అమ్ముడుపోయాడంటున్నారు. కొన్నది నేనే అయ్యుండాలి కదా. నాకు దక్కింది ఏమిటో చెప్పండి. ఏసీ పోయింది, మొదటి ఆర్నెల్లు పోయాయి. గుడి మాట వదులుకోవడానికి ఆయన నన్ను నాలుగు రోజులు ఏడిపించాడు. మిమ్మల్ని అమ్మేసే మనిషి అంతసేపు బేరమాడడు."

మొదట మరోదా ఆడవాళ్ళు కదిలారు. వాళ్ళని చూసి కార్ల దగ్గరినుంచి ఇంజనీరుగారి భార్య, ఆవిడ వెనక మిగతావాళ్ళు. క్యూలో నీళ్ళు తాగిన ఆవిడ ఆవిడేనని నాకు తరవాత చెప్పారు. రాని వాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు, వాళ్ళ పేర్లు మీకు రాయను, చుట్టాలు కూడా ఉన్నారు. అయినా కుర్చీలు చాలినంత నిండాయి. మా రవిశంకర్ వచ్చాడు. ఫోను చూసుకుంటూనే చెయ్యి ఎత్తాడు. లెక్కలోకి వస్తుందని బంఛోర్‌గారు చెప్పారు.

నేనూ ఎత్తాను బావా. నా కుడి భుజం పూర్తిగా లేవదు. లేచినంత లేచింది.

లీజు మొన్న సోమవారం వచ్చింది. కొత్త కమిటీ మొదటి సమావేశం వెంటనే పెట్టాం. ఫ్యాన్లు ఎంత వేగంలో తిరగాలన్నదాని మీద అధ్యక్షుడూ, కాబోయే అధ్యక్షుడూ గంటసేపు దెబ్బలాడుకున్నారు. తీర్మానం ఏమీ కాలేదు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

మధ్యలో నేను లీజు కాగితం పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. "ఇందులో కిచెన్ ఉన్నాదా మావయ్యా?" అంది. ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. దాని పేరూ చూపించాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆ వరస మీద పెట్టి, చాలాసేపు తియ్యలేదు. తరవాత ఫోను తీసి జాముల్ కాంట్రాక్టరుకి చేసింది. "నహీ ఆవూంగీ భయ్యా. మేరా అప్నా కిచెన్ హై" అంది, రాను, నాకు నా సొంత వంటగది ఉంది అని. పెట్టేసి, అటు తిరిగి గోనెసంచుల ముడులు విప్పడం మొదలుపెట్టింది. నేను ఉండలేక బయటికొచ్చేశాను.

ఆ మధ్యాహ్నం కమిటీకంతా తనే వండి పెట్టింది. కేరేజీలకి ఆ రోజు సెలవు, కాబట్టి ఆ గిన్నెడు సాంబారూ మాకే. మొదటి ముద్ద పెట్టుకున్నాక తెలిసింది, ఉప్పు రెండుసార్లు వేసేసింది. నోట్లో పెట్టుకోలేం. గుమ్మంలో నిలబడి, "ఎలగున్నాది?" అని అడుగుతోంది. ఫ్యాను వేగం దగ్గర రాజీపడని రెండు పార్టీలూ వరసగా కూర్చుని ఉన్నాయి. రాజాబాబు వెంకటేశ్వరరావుగారి మొహం చూశాడు. వెంకటేశ్వరరావుగారు ఆకు ముందుకి జరిపి, "ఇంకొంచెం వెయ్యమ్మా" అన్నారు. రాజాబాబు, "నాకు ఎయ్యకుండా ఆయనకి రెండుసార్లా?" అన్నాడు. తరవాత అందరూ అడిగారు, నేనూ అడిగాను. భాగ్యరేఖ తినడానికి కూర్చునేసరికి గిన్నెలో మేం చుక్క సాంబారు మిగల్చలేదు.

ఇట్లు,
గణపతిరావు